చక్కెర వ్యాధి గలవారును, థైరాయిడు పరీక్షయు

నాటు వేసిన రెండు మూడు వారములకు వరి ఆకు పసుపెక్కినచో మనలో పెక్కుమంది చేయు మొదటి పని యూరియా చల్లుట. నత్రజని తక్కువైన మడిలో అది సరియైన పనియే. కొలది దినములలోనే పైరు పచ్చబడును. కాని జింకు చాలని మడిలో ఎన్ని బస్తాలు చల్లినను ఆకుమీది తుప్పు మచ్చలు మానవు, దుబ్బు కట్టదు, గిడసబారిన పైరు గిడసబారినట్లే యుండును. హిమాలయముల దిగువనున్న తెరాయి ప్రాంతమున వరిచేలను పాడుచేయుచుండిన ఇట్టి తెగులు జింకు లోపమువలన గలుగుచున్నదని పంత్‌నగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున వై. ఎల్. నెనె గారు 1966 లో వెల్లడించిరి. కారణము తెలిసిన పిమ్మట మందు సులభమే. కొంచెము జింకు సల్ఫేటు చాలును. కష్టమంతయు పసుపు ఆకును చూచి "ఇది నత్రజని కాకపోవచ్చును" అని ఒక్క క్షణము సందేహించుటలోనే యున్నది.

ఈ వ్యాసము పైరును గూర్చినది కాదు. చక్కెర వ్యాధి, అనగా మధుమేహము, గల మన సభ్యుల శరీరములను గూర్చినది. ఒకసారి "షుగరు మనిషి" అని పేరు పడినవారికి ఆ పిమ్మట ఏమి వచ్చినను అది షుగరు పద్దులోనే వ్రాయబడుచున్నది. నీరసము వచ్చినచో షుగరు. కాళ్ళు లాగినచో షుగరు. మతిమరుపు వచ్చినచో షుగరు, పైగా వయస్సు. ఇందులో సగము నిజముండవచ్చును. తక్కిన సగములో దాగియుండు వ్యాధులలో ముఖ్యమైన దొకటి థైరాయిడు గ్రంథికి సంబంధించినది. దానిని కనిపెట్టుటకు ప్రాయికముగా ఒక్క నెత్తురు పరీక్ష చాలును. ఆ పరీక్ష ఎవరికి తప్పక కావలెను, ఎవరికి ఊరక అక్కరలేదు అనునదియే నేనిచ్చట వ్రాయబూనిన విషయము.

మొదట మా యింటి సంగతి చెప్పెదను. మా పెద్ద వదినెగారికి మధుమేహము వచ్చి తొమ్మిదేండ్లయినది. మాత్రలు చాలక కొంతకాలముగా ఇన్సులిన్ సూదియు వేసికొనుచుండిరి. ఒక శీతకాలమున ఆమె నడక మందగించినది. వేకువనే లేచి గేదెలకు పాలు పితుకు మనిషి పొద్దెక్కినదాక దుప్పటి విడువరైరి. సంక్రాంతి పోయి శివరాత్రి దాటినను "చలిగా నున్నది" అనుచునే యుండిరి. ముఖము ఉబ్బెను. గొంతు బొంగురుపోయెను. మేమందరము ఆమెకు వయస్సు పైబడినదనుకొంటిమి.

ఇంతలో ఒక వింత జరిగినది. ఏనాడును 180 కి దిగని ఆమె పరగడుపు షుగరు 110 కి, 90 కి దిగసాగెను. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. చూపించుకొనుచున్న చోటను "మందు బాగుగ పట్టినది, ఇట్లే వాడుడు" అని పంపిరి. పథ్యము ఫలించినదని నేనును నలుగురితో చెప్పితిని. ఒకనాటి వేకువను ఆమె పశువుల కొట్టములో ఒడలెల్ల చెమటలు క్రమ్మి కూలబడిరి, మాట తడబడుచుండెను. మా అన్నగారి కోడలు కంగారుపడక వ్రేలు గుచ్చి చూచినది. షుగరు 46. మ్రింగగలుగుచున్నారని నిశ్చయించుకొని వెంటనే బెల్లపు నీళ్ళు త్రాగించినది. పావుగంటకు తేరుకొనిరి.

తరువాత పట్టణమున చూచిన మరియొక వైద్యుడు ఆమె ముఖమును, పొడిబారిన చేతులను చూచి, గొంతు విని, థైరాయిడు పరీక్ష వ్రాసియిచ్చెను. టి.ఎస్.హెచ్. అను ఆ అంకె పెద్దవారికి ఇంచుమించు 0.4 మొదలు 4.5 లోపల నుండవలెను. ఆమెకు 48 ఉండెను. షుగరు తగ్గినదని మేము సంతసించిన ఆ నెలలలో నిజముగా జరిగినది వేరు. థైరాయిడు చల్లబడుటచే ఆమె శరీరములో ఇన్సులిన్ త్వరగా ఖర్చు కాక నిలిచిపోవుచుండెను. ఆకలి మందగించి తిండియు తగ్గెను. పూర్వపు మోతాదే ఆమెకు ఎక్కువైనది. థైరాయిడు మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు ఆమె మరల పాడి దగ్గరకు పోవుచుండిరి. ఇన్సులిన్ మోతాదు మాత్రము వైద్యుడు మరల కొంత పెంచవలసి వచ్చినది.

ఆ గ్రంథి యెట్టిదో కొంచెము తెలిసికొందము. గొంతు ముందువైపున, కంఠమణికి దిగువ, గాలిగొట్టమును అంటిపెట్టుకొని సీతాకోకచిలుక రెక్కలవలె నుండును. తూకము 20 గ్రాములకు అటునిటు. మనము తిను ఉప్పులోని అయోడినును పట్టుకొని థైరాక్సిను అను రసమును తయారుచేసి నెత్తురులోనికి వదలును. ఏ యవయవము ఎంత వేగముగా పనిచేయవలెను, తిన్న ఆహారమును ఎంత త్వరగా ఖర్చుపెట్టవలెను అనునది ఈ రసమును బట్టి యుండును. గుండె కొట్టుకొను వేగము, ప్రేగుల కదలిక, ఒంటి వేడి, బిడ్డల ఎదుగుదల, అన్నియు దీని చేతిలోనివే.

టి.ఎస్.హెచ్. అనునది థైరాయిడు రసము కాదు. దీనిని తలక్రిందుగా అర్థము చేసికొని భయపడువారు చాలమంది యున్నారు గనుక వివరించెదను. కాలువ చివరి భూముల రైతులను తలచుకొనుడు. నీరు చాలినంత వచ్చుచున్నచో వారు లస్కరును పిలువరు. నీరు తగ్గినకొలది వారి కేకలు హెచ్చును. నీరు ముంచెత్తినపుడు నోరు మెదపరు. మెదడు అడుగున నుండు పీయూష గ్రంథి ఈ చివరి భూముల రైతు వంటిది; థైరాయిడు తూము వంటిది. నెత్తురులో థైరాయిడు రసము తగ్గినచో పీయూష గ్రంథి వేయు కేకయే టి.ఎస్.హెచ్. కావున కేక పెద్దదైనచో నీరు తక్కువ. అంకె హెచ్చినచో థైరాయిడు మందగించినదని అర్థము. అంకె దాదాపు సున్నకు దిగినచో థైరాయిడు మితిమీరి పారుచున్నదని అర్థము. కేక విన్న తరువాత తూము దగ్గర నిజముగా నీరెంత యున్నదో కొలుచుట టి4 అను రెండవ పరీక్ష. పీయూష గ్రంథికే రోగము వచ్చిన కొలదిమందిలో ఈ లెక్క పనిచేయదు. అది వైద్యులు చూచుకొనవలసిన సంగతి.

మధుమేహమునకును దీనికిని చుట్టరికమేమి? మధుమేహము ప్రధానముగా రెండు రకములు. మొదటి రకము సామాన్యముగా పిల్లలకును యువకులకును వచ్చునది. ఇన్సులిన్ సూది లేనిదే వారు బ్రతుకలేరు. వీరి దేహమును శత్రు క్రిములనుండి కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి క్లోమములోని ఇన్సులిన్ తయారుచేయు కణములను చంపివేయును. కంచె చేను మేసినట్లన్నమాట. ఒక చేను మేసిన కంచె ప్రక్క చేను మేయదని నమ్మకము లేదు. అదే విధమైన దాడి థైరాయిడుమీదను జరుగవచ్చును. మొదటి రకము మధుమేహము గలవారిలో నూటికి 17 మొదలు 30 మందికి ఇట్టి థైరాయిడు వ్యాధి యుండునని అమెరికా మధుమేహ సంఘమువారి లెక్క. ఈ దాడివలన ఉబ్బిన థైరాయిడును జపాను వైద్యుడు హషిమోటో 1912 లో మొదటిసారి వర్ణించెను; నేటికిని ఆయన పేరనే ఆ వ్యాధి పిలువబడుచున్నది.

రెండవ రకము వేరు. మన గ్రామములలో నలుబది దాటినవారికి వచ్చు చక్కెర వ్యాధి యెక్కువగా ఇదియే. దీనికిని థైరాయిడుకును అంత దగ్గరి రక్తసంబంధము లేదు. కాని రెండును చాలమందికి వచ్చు వ్యాధులు. భారత వైద్య పరిశోధనా మండలివారి పరిశీలన ఫలితములు 2023 లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడియున్నారు. హైదరాబాదుతో కూడ ఎనిమిది నగరములలో పెద్దవారి నెత్తురు పరీక్షింపగా నూటికి ఇంచుమించు 11 మందికి థైరాయిడు మందగించినట్లు 2013 లో ప్రకటింపబడినది. రెండు వానలు ఒకే చేనిమీద పడుటకు వాని నడుమ చుట్టరికముండ నక్కరలేదు. అందులోను నడివయస్సు దాటిన స్త్రీలపై ఈ రెండవ వాన యెక్కువ.

థైరాయిడు మందగించినపుడు ఇన్సులిన్ వేసికొనువారికి షుగరు పడిపోవు అపాయము మా వదినెగారి కథలో చూచితిరి. మితిమీరి పనిచేసినపుడు దీనికి సరిగా వ్యతిరేకము. కాలేయము చక్కెరను అధికముగా వదలును. ఇన్సులిన్ త్వరగా ఖర్చయిపోవును. పథ్యము తప్పకున్నను, సూది మానకున్నను షుగరు ఎగబ్రాకును. మనిషి బాగుగ తినుచునే చిక్కిపోవును. తినుచు చిక్కిపోవుట ముదిరిన మధుమేహపు లక్షణము గూడ నగుటచే, అందరును రోగి దొంగతనముగా తీపి తినుచున్నాడని నిందింతురు. ఇది చాల అన్యాయమైన నింద. అట్టివానికి గుండె దడ, చేతుల వణుకు, చలికాలములోను చెమట, నిద్రలేమి ఉన్నవేమో అడుగక తిట్టరాదు. గుండె లయ తప్పు భయము కూడ ఇందులో కలదు.

మందగించిన థైరాయిడు లక్షణములు ఇంకను మెత్తగా వచ్చును. చలికి తట్టుకొనలేకపోవుట, మలబద్ధము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, గొంతు బొంగురు, ముఖము ఉబ్బు, మాట నెమ్మది, నాడి నెమ్మది, స్త్రీలకు ముట్టు అధికమగుట. వీనిలో ఏ యొక్కటియు థైరాయిడునకే పరిమితమైనది కాదు. రక్తహీనతవలనను, మూత్రపిండముల చెడుగువలనను, మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలకాలము వాడుటచే కొందరికి కలుగు బి12 విటమిను లోపమువలనను ఇట్టి నీరసమే కలుగును. పసుపు ఆకుకు కారణములు పెక్కు అని మొదట చెప్పినది ఇందులకే. రక్తములో కొవ్వు ఎంత పథ్యము చేసినను దిగకున్నచో దాని వెనుక థైరాయిడు ఉండవచ్చును. కొవ్వు తగ్గించు స్టాటిన్ మాత్రలు వేసికొనగానే కండరములు విపరీతముగ నొప్పి పుట్టినచో, మాత్రను నిందించుటకు ముందు ఒకసారి టి.ఎస్.హెచ్. చూచుకొనుట మేలు.

అయినచో మధుమేహము గలవారందరును ఏటేట థైరాయిడు పరీక్ష చేయించుకొనవలెనా? ఇక్కడ నా సమాధానము కొందరు వైద్యశాలలవారికి రుచింపకపోవచ్చును.

మొదటి రకము వారికి నిస్సందేహముగా కావలెను. వ్యాధి బయటపడి, షుగరు కొంత కుదుటపడిన పిమ్మట ఒకసారి పరీక్షింపవలెను. బిడ్డలకు ఆ పిమ్మట ఏడాది రెండేండ్ల కొకసారి చేయింపవలెనని అమెరికా మధుమేహ సంఘమువారి సలహా. మొదటిసారి థైరాయిడునకు ఎదురు తిరిగిన ప్రతిరక్షకములను గూడ నెత్తురులో వెదకుదురు. అవి కనబడిన బిడ్డను మరింత దగ్గరగా కనిపెట్టి యుండవలెను. బిడ్డ ఈడుకు తగినట్లు ఎదుగకున్నను, చదువులో హఠాత్తుగా వెనుకబడినను, కారణము లేక తరచు షుగరు పడిపోవుచున్నను గడువు కొరకు వేచియుండరాదు. ఇట్టి బిడ్డలు ఊరికి ఒకరో ఇద్దరో యుందురు. వారిని గూర్చియే నాకు ఎక్కువ దిగులు. సూది వేయుటతోనే తలిదండ్రుల ఓపికయు డబ్బును అయిపోవుచున్నవి. రెండవ పరీక్ష మాట ఎవరు గుర్తుచేయుదురు?

రెండవ రకము వారి విషయమున పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. బ్రిటనులో నైస్ అను ప్రమాణముల సంస్థ 2019 లో వెలువరించిన సూచనలలో, మొదటి రకము వారికి ఈ పరీక్ష చేయవలెననియు, రెండవ రకము ఉన్నదన్న ఒక్క కారణముచేత మాత్రము చేయనక్కరలేదనియు వ్రాసినది. వ్యాధి బయటపడిన క్రొత్తలో ఒకసారి చూచిన మంచిదను వైద్యులును కలరు. ఒకసారి చూచుటలో తప్పు లేదు. కాని ఏ లక్షణమును లేని మనిషికి ఏటేట పెద్ద పట్టీ వ్రాసి, పదునైదు పరీక్షల కట్టలో దీనినొకటిగా కలిపి రుసుము రాబట్టుట నాకు సమ్మతము కాదు. డబ్బు నష్టము మాత్రమే కాదు. అంకె కొంచెము హెచ్చి, టి4 సరిగానే యున్నవారు మనలో చాలమంది యుందురు. వృద్ధులలో మరియు నెక్కువ. అట్టి 65 ఏండ్లు దాటినవారు 737 మందికి ఐరోపాలో కొందరికి థైరాయిడు మాత్రయు, కొందరికి ఉత్త మాత్రయు ఇచ్చి చూచిన పరిశోధన ఒకటి 2017 లో వెలువడినది. మందు తిన్నవారికి నీరసము తగ్గలేదు. కావున 6, 7 అని అంకె వచ్చినంతనే జీవితాంతము మాత్ర మొదలుపెట్టుట తొందరపాటు. రెండు మూడు నెలలు ఆగి మరల చూచినచో కొందరికి అది తనంతట తానే దిగిపోవును. అక్కరలేని థైరాయిడు మందు ఎక్కువైనచో వృద్ధుల గుండె లయ తప్పును, ఎముకలు పలుచబడును. గర్భిణుల విషయమున మాత్రము ఈ ఓపిక పనికిరాదు. మధుమేహము గాని థైరాయిడు గాని ముందే యున్న స్త్రీ గర్భము నిలిచినదని తెలిసిన వారములోనే వైద్యునికి చెప్పవలెను. అంతకుముందే థైరాయిడు మాత్ర తినుచున్నచో మోతాదు పెంచవలసి యుండును. మొదటి రకము మధుమేహము గల తల్లులకు కాన్పు తరువాతి నెలలలోను థైరాయిడు చెడు అవకాశ మెక్కువ.

మరి రెండవ రకము వారు ఎప్పుడు అడిగి పరీక్ష చేయించుకొనవలెను? పైన చెప్పిన లక్షణములు రెండు మూడు కలిసి వచ్చినపుడు. గొంతు ముందు వాపు కనబడినపుడు. ఇంటిలో తల్లికో అక్కచెల్లెండ్రకో థైరాయిడు ఉన్నపుడు. కొవ్వు దిగనపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, తిండియు మందును పనియు మారకయే షుగరు లెక్క మారినపుడు. పెరిగినపుడు అందరును కారణము వెదకుదురు. తగ్గినపుడు ఎవరును వెదకరు. మేమును వెదకలేదు.

పరీక్షకు పోవువారికి కొన్ని చిన్న సంగతులు. దీనికి పరగడుపున నుండ నక్కరలేదు. షుగరు పరీక్షతో కలిపి ఇచ్చినపుడే ఆ నియమము. జ్వరమో, కాలి పుండు చీమో, మిక్కిలి పెరిగిన షుగరో కారణముగా ఆసుపత్రిలో పడియున్నపుడు థైరాయిడు అంకెలు తాత్కాలికముగా తప్పును. థైరాయిడే కారణమని వైద్యునికి గట్టి అనుమానమున్న గాని అప్పుడు చూచుట వ్యర్థము. జుట్టు ఊడకుండుటకై అమ్ము మాత్రలలో బయోటిన్ అను విటమిను హెచ్చుగా నుండును. అది కొన్ని యంత్రముల లెక్కను తారుమారు చేయును. రెండు దినములు ముందుగా దానిని మాని, మానినట్లు చెప్పి నెత్తురు ఇయ్యవలెను.

ఈ రెండు వ్యాధుల మందుల చరిత్రలో పశువులను పెంచు మనకు ఆసక్తి కలిగించు సంగతి యొకటి కలదు. 1891 లో ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమున జార్జి ముర్రే అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడునుండి తీసిన రసమును, థైరాయిడు చచ్చుబడి ఉబ్బియున్న ఒక స్త్రీకి సూదిద్వారా ఇచ్చెను. ఆమె కోలుకొని, 1919 వరకు బ్రతికెను. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో పశువుల క్లోమమునుండి తీసిన ఇన్సులిన్‌ను 14 ఏండ్ల బాలునికి ఎక్కించి మధుమేహమునకు మొదటిసారి మృత్యువును వాయిదా వేసిరి. ఒక మందు గొఱ్ఱె ఇచ్చినది, మరియొకటి ఎద్దు ఇచ్చినది. ఇప్పుడు రెండును పశువులతో పనిలేకుండ తయారగుచున్నవి.

ఉప్పు మాట కూడ చెప్పవలెను. ఏలయనగా ఈ మధ్య కొందరు సభ్యులు షుగరుకు మంచిదని విని సైంధవ లవణమునకును, అయోడిను కలుపని కల్లుప్పునకును మారినారు. హిమాలయపు లోయలలో ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు గళగండముతో, అనగా గొంతు వాపుతో, బాధపడుచుండెడివి. అయోడిను ఉప్పుతో దానిని నివారింపవచ్చునని కాంగ్రా లోయలో 1956 మొదలు జరిగిన ప్రఖ్యాత పరిశోధనవలన తేలినది. దానికి నాయకత్వము వహించినవారు శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణమున వైద్యము చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు. ఆ ఫలితముల వెంటనే 1962 లో దేశవ్యాప్తమైన గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. నేడు భోజనమునకు అమ్ము ఉప్పులో, మన చేతికి వచ్చునప్పటికి పదిలక్షల పాళ్ళకు కనీసము 15 పాళ్ళు అయోడిను ఉండవలెనని నియమము. రక్తపు పోటు గలవారు ఉప్పు తగ్గింపవలసినదే. తగ్గించి తినునది మాత్రము అయోడిను ఉప్పే కావలెను. అట్లని అయోడిను చుక్కలు కొని త్రాగుట కూడ తగదు. మన ప్రాంతములలో నేడు థైరాయిడు మందగించుటకు ఎక్కువగా కారణము ఆ కంచె చేను మేయుటయే. దానిపై అయోడిను కుమ్మరించినచో మేలు కలుగకపోగా కొన్నిసార్లు కీడు కలుగును.

ఇక మాత్ర వేసికొను తీరు. ఇందులోనే మన యిండ్లలో ప్రమాదకరమైన పొరపాటు ఒకటి జరుగుచున్నది. థైరాక్సిను మాత్రను పరగడుపున మంచినీళ్ళతో మ్రింగి, కాఫీయు టీయు పాలును అరగంట మొదలు గంట వరకు ముట్టరాదు. ఇనుము మాత్రలకును సున్నపు మాత్రలకును దానికిని నాలుగు గంటల ఎడముండవలెను. లేనిచో మందు ఒంటబట్టదు. ఇంతవరకు అందరికిని చెప్పుచునే యున్నారు. కాని "పరగడుపున" అన్న మాట విని, షుగరు మాత్రను కూడ దానితోనే మ్రింగి, నాలుగు గంటలు పొలములో పార పట్టి, పొద్దెక్కిన తరువాత ఇంటికి వచ్చి అన్నము తినువారున్నారు. గ్లిమిపిరైడు వంటి మాత్ర వేసికొని తిండి తినకున్నచో షుగరు పడిపోవును. గట్టుమీద కూలినచో చూచువారుండరు. థైరాయిడు మాత్ర లేవగానే, షుగరు మాత్ర తిండితో, ఇన్సులిన్ వైద్యుడు చెప్పిన వేళకు. ఈ మూడింటిని విడదీసి ఇంటి గోడమీద సుద్దతో వ్రాసియుంచిన చాలును. వేకువ వేళ కుదరనివారు రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకొనుచు థైరాయిడు మాత్ర వేసికొనవచ్చునేమో వైద్యుని అడుగవచ్చును.

ఈ మందు నెత్తురులో సగము కరుగుటకే వారము పట్టును. కావున నాలుగు దినములలో గుణము కనబడలేదని మానరాదు. మోతాదు మార్చిన ఆరు మొదలు ఎనిమిది వారములకు గాని టి.ఎస్.హెచ్. మరల చూచుటవలన ప్రయోజనము లేదు. ఆ వారములలో షుగరు మాత్రము తరచు చూచుకొనవలెను. థైరాయిడు కుదుటపడినకొలది ఇన్సులిన్ అవసరము మారును. ఆ మార్పు వైద్యునితో చెప్పియే మోతాదు దిద్దుకొనవలెను.

30 ఏండ్లు పైబడినవారికి షుగరు, రక్తపు పోటు, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖము వీని క్యాన్సరులను గూర్చి పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వము గ్రామ ఆరోగ్య కేంద్రములద్వారా చేసియున్నది. మంచి ఏర్పాటు. థైరాయిడు ఆ పట్టికలో లేదు. కావున ఆశా కార్యకర్త మన షుగరు చూచి పోయినంత మాత్రమున ఇదియు చూడబడినదని భ్రమింపరాదు. అడిగిన గాని జరుగదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష ఏ దినమున చేయుదురో ఆమెనే అడిగి తెలిసికొనవలెను.

మన సంఘము చేయదగినదియు కొంత కలదు. ఒక్కొక్కరు పట్టణమునకు పోయినచో పరీక్ష రుసుముకంటె ఆ దినపు కూలి నష్టము, బస్సు ఖర్చు ఎక్కువగుచున్నవి. నెత్తురు ఇచ్చుట అయిదు నిమిషముల పని. పాల డబ్బు పంచు దినమున పట్టణపు పరీక్షశాల మనిషిని సంఘ కార్యాలయమునకే పిలిపించి, అవసరమైనవారి నెత్తురు ఒకేసారి తీసి చల్లని పెట్టెలో పంపించినచో ఖర్చు పంచుకొనవచ్చును. ఈ విషయమును వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపదలచితిని. అందరి పేర్లును చేర్చుమని నేను కోరుట లేదు. మొదట ఇన్సులిన్ వేసికొను బిడ్డలు, తరువాత మధుమేహముండి గర్భము ధరించిన స్త్రీలు, ఆ పిమ్మట వైద్యుడు లక్షణములు చూచి చీటీ వ్రాసియిచ్చినవారు. ఇంటిలో ఇన్సులిన్ వేసికొను బిడ్డ గల సభ్యులు ఆ బిడ్డకు థైరాయిడు పరీక్ష కడపట ఎప్పుడు జరిగినదో పాత కాగితములలో వెదకి, ఆ తేదీని, అట్టి కాగితము లేనిచో లేదన్న మాటను, సమావేశమునకు ముందే కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాను.